బండి దిగడం కూడా డ్యూటీయే

ప్రశ్న: అయ్యా, మాది నాయుడుపేట దగ్గర ఒక పల్లెటూరు. పదకొండేళ్లుగా చెన్నైలో రెడ్‌హిల్స్ వైపు కాపురం ఉంటున్నాము. మావారు కంటైనర్ ట్రైలర్ నడుపుతారు, వయసు నలభై. ఓనరుకు నాలుగు బండ్లు ఉన్నాయి, డ్రైవర్లూ క్లీనర్లూ కలిపి ఏడుగురు పనిచేస్తారు. నెలకు 22,000 జీతం, బత్తా వేరు. 2025 ఆగస్టులో ఒక రాత్రి మాధవరం దగ్గర యార్డు బయట క్యూలో తొమ్మిది గంటలు కూర్చున్న తర్వాత, గేటులో కాగితాలు చూపించడానికి బండి దిగుతూ మెట్టు మీద కాలు జారి పడ్డారు. పట్టుకునే కమ్మీ ఊడిపోయి నాలుగు నెలలైందని, దాని స్థానంలో నైలాన్ తాడు కట్టారని చెప్పారు. ఓనరు మనిషి ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లి, పోలీసుల గొడవ ఎందుకని ‘ఇంట్లో బాత్రూములో జారిపడ్డాడు’ అని రాయించాడు. తర్వాత బంధువుల మాట విని పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించాము. మూడు వారాలైనా వాపు తగ్గకపోయేసరికి స్కాన్ తీయిస్తే, కుడి మడమ ఎముక పగిలి పగులు కీలు దాకా పోయిందన్నారు. ఆరు నెలలైంది, ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేరు. ఓనరు ఒకసారి 10,000 ఇచ్చాడు. ‘బండి గుద్దుకోలేదు, బోల్తా పడలేదు. నిలబడి ఉన్న బండి దిగడం చేతకాక పడితే నాదా బాధ్యత?’ అంటున్నాడు. ఇంకో 20,000 ఇస్తానని, ఇకమీదట ఏమీ అడగనని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. పెట్టమంటారా? మా తమ్ముడు కూడా పాల వ్యాను నడుపుతాడు, రోజుకు డెబ్బై ఎనభై సార్లు ఎక్కి దిగుతాడు. వాడికి ఏమి చెప్పాలి? – ఒక సోదరి, రెడ్‌హిల్స్, చెన్నై.

సమాధానం: అమ్మా, మీవారి చేత ఆ కాగితం మీద సంతకం పెట్టించవద్దు. మీవారి ప్రమాదానికి వర్తించేది ఉద్యోగుల నష్టపరిహార చట్టం, 1923. ఆ చట్టం కింద తనకు రావలసిన పరిహారాన్ని వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చే ఒప్పందం చెల్లదని అందులోని 17వ సెక్షను చెబుతోంది. చెల్లని కాగితమే కదా, ఇరవై వేలు తీసుకుని సంతకం పెడితే పోయేదేముంది అని మీకు అనిపించవచ్చు. అటువంటి కాగితాల్లో సాధారణంగా ‘నా అజాగ్రత్త వల్లనే పడ్డాను’ అనో ‘ఇంటి దగ్గర పడ్డాను’ అనో ఒక వాక్యాన్ని మధ్యలో ఇరికిస్తారు. ఒప్పందం చెల్లకపోయినా ఆ ఒక్క వాక్యాన్ని రేపు విచారణలో మీకు ఎదురు సాక్ష్యంగా చూపిస్తారు. తెలుగువాళ్లమైన మనకు తమిళంలో రాసిన కాగితాన్ని చదవకుండానే సంతకం పెట్టే అలవాటు కూడా ఉన్నది కనుక ఇంతగా చెబుతున్నాను.

ఇక ఓనరు అన్న మాట సంగతి చూద్దాము. నిలబడి ఉన్న బండి దిగడం చేతకాదా అని ఆయన ఎద్దేవా చేశాడు గానీ, నేను మణలి వైపు ఒక రవాణా సంస్థలో ఏళ్ల తరబడి భద్రత పని చూసినవాణ్ణి కనుక చెబుతున్నాను: లారీ డ్రైవరుకు దెబ్బ తగలడానికి బండి కదలవలసిన పని లేదు. ట్రైలరు క్యాబిన్ నేల భూమికి సుమారు నాలుగు అడుగుల ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తు నుంచి జారిన మనిషి నేలను తాకేసరికి గంటకు 17 కిలోమీటర్లు దాటిన వేగంతో ఉంటాడని హైస్కూలు భౌతికశాస్త్రం లెక్క వేసినా తేలుతుంది. సైకిలు తొక్కేవాడు హుషారుగా పోయే వేగం అది. ఆ వేగమంతా రెండు మడమల మీద, ఒక్కోసారి ఒకే మడమ మీద, ఆగిపోవాలి. మడమ ఎముక లోపల స్పాంజిలాగా మెత్తగా ఉండి పైన పలుచటి పెంకు మాత్రమే ఉండేది కావడం వల్ల, ఎత్తు నుంచి పడినవాళ్లలో అది కోడిగుడ్డులాగా నలిగిపోవడం ఎముకల డాక్టర్లకు కొత్త విషయం కాదు.

మీవారు ఆ రాత్రి ఎలా దిగి ఉంటారో నేను చూడకపోయినా ఊహించగలను. తలుపు తెరిచి, ముఖం రోడ్డు వైపు పెట్టి, ఒక చేతిలో ఎల్ఆర్ కాగితాలు (సరుకు రవాణా రసీదులు), ఇంకో చేతిలో సెల్‌ఫోను పట్టుకుని, మన ఇంటి మెట్లు దిగినట్టు దిగి ఉంటారు. డ్రైవర్లలో ఎక్కువమంది అలాగే దిగుతారు. క్యాబిన్ మెట్టు ఇంటి మెట్టులాంటిది కాదు, అది నిచ్చెన మెట్టు. బాడీ కిందికి లోపలగా ఉంటుంది, పైనుంచి చూస్తే సీటు అంచూ మన మోకాళ్లూ అడ్డం వచ్చి కనపడదు. ముఖం బయటికి పెట్టి దిగినప్పుడు ఆ మెట్టు మీద ఆనేది మడమ కొస మాత్రమే, పాదంలో ముప్పాతిక భాగం గాలిలో ఉంటుంది. ముఖం బండి వైపు తిప్పి దిగితే పాదం ముందు భాగం మొత్తం మెట్టు మీద నిలుస్తుంది. నిచ్చెన ఎక్కినవాడు గానీ, తాటిచెట్టు ఎక్కినవాడు గానీ వీపు ఆనించి దిగడం మీరు ఎప్పుడైనా చూశారా? లారీ దగ్గర మాత్రం అందరూ అలాగే దిగుతారు, ఏమీ కానన్నాళ్లు అదే సరైన పద్ధతి అనుకుంటారు.

దానికి తోడు తొమ్మిది గంటల క్యూ. అంతసేపు మోకాళ్లు వంచి కూర్చున్నవాడి కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. మొదటి అడుగు ఎక్కడ పడిందో పాదానికి వెంటనే తెలియదు. చీకట్లో, ఆగస్టు నెల చెన్నై జల్లుకు తడిసిన నేల మీద, వేలాది బండ్లు కార్చిన డీజిలు మురికి అంటిన చెప్పులతో, చేతికి ఆసరా ఇవ్వవలసిన కమ్మీ స్థానంలో ఊగిసలాడే తాడు పట్టుకుని దిగిన మనిషిని ‘చేతకాక పడ్డాడు’ అనడం న్యాయం కాదు. తాడు బరువు మోస్తుందేమో గానీ మనిషిని నిలబెట్టదు, పట్టుకున్నవాడితో పాటు అదీ పక్కకు తిరుగుతుంది. ఆ కమ్మీ కొత్తది వేయించడానికి అయ్యే ఖర్చు ఒక ట్రిప్పు బత్తాకు మించదు.

ఇప్పుడు చట్టం మాట. ఉద్యోగం వల్ల, ఉద్యోగ సమయంలో ప్రమాదవశాత్తు గాయం కలిగితే యజమాని పరిహారం ఇవ్వాలని ఆ చట్టంలోని 3వ సెక్షను. బండి కదులుతూ ఉండాలని గానీ, ఢీకొనాలని గానీ అందులో ఎక్కడా లేదు. యార్డు గేటులో కాగితాలు చూపించడం డ్రైవరు పని, దానికోసం బండి దిగక తప్పదు, కనుక దిగడం కూడా డ్యూటీలో భాగమే. దీనికంటే దూరం పోయిన తీర్పు కూడా ఉన్నది. అంబాలా నుంచి మీరట్ వెళుతున్న ఒక లారీ డ్రైవరు, మండు వేసవిలో దారి పక్కన బండి ఆపి, యమునా కాలువలో నీళ్లు తెచ్చుకోవడానికి దిగి, జారి మునిగి చనిపోయాడు. అది కూడా ఉద్యోగంలో భాగంగా జరిగిన ప్రమాదమేనని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. బండి దిగి కాలువ దాకా నడిచిన మనిషికే వర్తించిన సూత్రం, బండి మెట్టు మీదే జారిన మీవారికి వర్తించదని వాదించడం కష్టం.

అజాగ్రత్త అనే వాదన కూడా నిలబడదు. ఈ చట్టం కింద మామూలు పొరపాటు పరిహారాన్ని ఆపదు. కార్మికుడు తాగి ఉండడమో, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించడమో, భద్రత కోసం అమర్చిన పరికరాన్ని కావాలని తీసిపారేయడమో జరిగితేనే, అదీ మరణం గానీ శాశ్వత పూర్తి అశక్తత గానీ సంభవించనప్పుడే, యజమాని తప్పించుకోగలడు. ఇక్కడ భద్రతకు ఉండవలసిన కమ్మీని బాగు చేయించనిది ఓనరు. మరో మాట కూడా గుర్తు పెట్టుకోండి. అయిదుగురు, అంతకు మించి పనివాళ్లు ఉన్న రవాణా సంస్థలకు ఆ ప్రమాదం నాటికి వర్తించిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, రోజుకు 8 గంటలు, దూరపు రూట్లలోనైతే 10 గంటలు మించి పని చేయించకూడదని చెప్పింది. మీ ఓనరు దగ్గర ఏడుగురు ఉన్నారు. మీవారు ఆ రోజు ఎన్ని గంటలకు స్టీరింగు పట్టారో ట్రిప్ షీటు చెబుతుంది. అలసట గురించి విచారణలో చెప్పేటప్పుడు ఆ షీటు పనికివస్తుంది.

ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, దాని సంగతి త్వరగా చెప్పేస్తాను. పది మంది పనివాళ్లు ఉన్నచోటే అది వర్తిస్తుంది, అదీ నెల జీతం 21,000 మించనివాళ్లకే, కనుక మీవారికి ఆ దారి లేదు.

మీ కేసులో నిజంగా ఇబ్బంది పెట్టేది ఆ ఆసుపత్రి కాగితం. కాలు విరిగి బాధపడుతున్న మనిషికి ‘బాత్రూములో జారాడు’ అనే అబద్ధం గోరుచుట్టు మీద రోకటిపోటు. అది ఉన్నంత మాత్రాన కేసు పోయిందని నిరాశపడవద్దు, మొదటి కాగితమే ఆఖరి మాట కాదు. ఆ రాత్రి మీవారు ఇంట్లో లేరని రుజువు చేస్తే చాలు, బాత్రూము కథ తనంతట తానే కూలిపోతుంది. దానికి ఆధారాలు మీ చుట్టూనే ఉన్నాయి. యార్డు గేట్ పాస్, ఈ-వే బిల్లు, టోలుగేటు దగ్గర ఫాస్టాగ్ కోత పడిన సమయం, బండి జీపీఎస్ రికార్డు, ‘ఎక్కడున్నావ్’ అని ఓనరు పంపిన వాట్సాప్ మాటలు, బత్తా డబ్బు ఫోనులో జమ అయిన మెసేజి, ఇవన్నీ ఒక కవరులో పెట్టండి. క్లీనరు ఎవరో నాకు తెలియదు గానీ, అతను ఇంకా అదే ఓనరు దగ్గర పనిచేస్తుంటే అతని మీద ఒత్తిడి తేవద్దు. ‘అన్నా, ఆ రోజు ఏమి జరిగిందో నువ్వు చూసింది చెబితే చాలు’ అని మీవారే ఫోనులో అడగడం మేలు. ఇప్పటి డాక్టరు దగ్గర, లారీ దిగుతూ పడ్డారన్న నిజాన్ని తేదీతో సహా కేసు షీటులో రాయించండి. మొదటి ఆసుపత్రిలో ఆ మాట చెప్పింది మీవారు కాదని, తీసుకెళ్లిన మనిషని అఫిడవిట్‌లో రాయాలి. బండి ఇంకా ఓనరు చేతిలోనే ఉన్నది కనుక, వీలైతే ఎవరిచేతనైనా ఆ తలుపు పక్కన తాడు కట్టిన చోటూ మెట్టూ ఫోటో తీయించండి. దావా నోటీసు అందిన మర్నాడే అక్కడ కొత్త కమ్మీ మెరుస్తూ కనపడడం నేను చూశాను.

పుత్తూరు కట్టు మీద మన జిల్లాల వాళ్లకూ చెన్నై వాళ్లకూ ఉన్న నమ్మకాన్ని నేను తక్కువ చేయను, మా ఇంట్లోనూ చేయి విరిగితే అక్కడికే పోయినవాళ్లు ఉన్నారు. కానీ ఎత్తు నుంచి పడి మడమ వాచినప్పుడు మాత్రం ముందు ఎక్స్‌రే, అవసరమైతే సీటీ స్కాన్ తీయించి, పగులు కీలు దాకా పోయిందా లేదా తెలుసుకున్న తర్వాతే ఏ వైద్యమైనా ఆలోచించాలి. మడమతో పాటు నడుము దగ్గర వెన్నుపూస కూడా దెబ్బ తినే అవకాశం ఉన్నది కనుక, మీవారికి నడుము నొప్పి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. మడమ కింది కీలు బిగుసుకుపోతే చదునైన నేల మీద నడవగలిగినా గుంతల్లో, రాళ్లలో అడుగు వేయలేరు. లారీ డ్రైవరు దిగేదంతా అలాంటి నేల మీదే. పుత్తూరులో కట్టించుకున్నందువల్ల పరిహారం పోదు, అక్కడి రసీదు ఉంటే అది కూడా దాచండి. 2009 సవరణ తర్వాత, ఉద్యోగంలో తగిలిన గాయానికి అయిన అసలు వైద్య ఖర్చును కూడా యజమాని తిరిగి ఇవ్వాలి. మందుల షాపు బిల్లుల నుంచి స్కాన్ బిల్లుల దాకా ఏదీ పారేయవద్దు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఈ చట్టంలో జీతం ఎంతున్నా, లెక్కకు తీసుకునే నెల జీతం 15,000కు మించదు. 2020 జనవరి నుంచి ఈ పరిమితి ఉంది, అంతకు ముందు అది 8,000 మాత్రమే. మీవారి జీతం 22,000 అయినా 15,000గానే చూస్తారు కనుక, బత్తా జీతంలో కలుస్తుందా కలవదా అనే వాదనతో మీరు తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. పని చేయలేకపోయిన తాత్కాలిక కాలానికి ప్రతి పదిహేను రోజులకు జీతంలో 25 శాతం, అంటే 3,750, నెలకు 7,500. ఆరు నెలలకు 45,000 అవుతుంది. ఓనరు ఇచ్చిన 10,000 వైద్యం కోసం ఇచ్చినదైతే దాన్ని ఈ మొత్తంలో తగ్గించడానికి వీలులేదని చట్టమే చెబుతోంది. అందుకే ఆ డబ్బు ఎందుకు ఇచ్చాడో తెలిపే మెసేజి ఏదైనా ఉంటే వెతకండి. గాయం మానిన తర్వాత శాశ్వత లోపం మిగిలితే లెక్క వేరు. జీతంలో 60 శాతాన్ని, వయసును బట్టి చట్టం పట్టికలో ఇచ్చిన అంకెతో హెచ్చిస్తారు. నలభై ఏళ్లకు ఆ అంకె 184.17. అంటే 9,000ను 184.17తో హెచ్చిస్తే 16,57,530. ఇది సంపాదించే శక్తి పూర్తిగా పోయినవాడికి. 20 శాతం పోయిందని తేలితే 3,31,506 వస్తుంది. ఓనరు చూపిస్తున్న ఇరవై వేలను ఈ అంకెల పక్కన పెట్టి చూడండి.

ఆ శాతం దగ్గరే మీరు జాగ్రత్త పడాలి. కాలులో ఎంత లోపం ఉన్నదని డాక్టరు రాసే శాతం ఒకటి, సంపాదించే శక్తి ఎంత పోయిందనేది మరొకటి. చట్టం అడిగేది రెండోదాన్ని. ఒక సినిమా హాలులో పని చేస్తూ కిందపడి ఎడమ చేయి పోగొట్టుకున్న వడ్రంగి కేసులో, ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కనుక అతనిది పూర్తి అశక్తతే అని సుప్రీంకోర్టు 1976 నాటి నివేదికల్లో కనపడే తీర్పులో అంగీకరించింది. మీవారికి దెబ్బ తగిలింది బ్రేకు, యాక్సిలరేటరు తొక్కే కుడి కాలికి. క్యాబిన్‌లోకి ఎక్కగలరా, గంటల తరబడి పెడల్ మీద కాలు ఉంచగలరా, కంటైనరు లాకులు విప్పడానికి ట్రైలరు చుట్టూ తిరగగలరా అన్నది డాక్టరు చేత స్పష్టంగా రాయించండి. ‘నడకలో ఇబ్బంది’ అన్న రెండు ముక్కలతో వదిలేస్తే మీకే నష్టం. గాయం పూర్తిగా స్థిరపడకముందే ఆ సర్టిఫికెటు కోసం తొందరపడవద్దు. ఉత్తర చెన్నైలో ఉన్నారు కనుక స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రి ఎముకల విభాగంలో చూపించుకోవడం మీకు దగ్గర దారి.

ఓనరు దగ్గర డబ్బు లేదనే భయం మీకు ఉండవచ్చు. లారీకి చేయించే ఇన్సూరెన్సు పాలసీలోనే, ఆ బండి నడిపే డ్రైవరుకు ఈ చట్టం కింద చెల్లించవలసిన పరిహారం కూడా సాధారణంగా కలిసి ఉంటుంది. అలా ఉంటే డబ్బు ఓనరు జేబులోంచి కాక కంపెనీ నుంచి రావలసి ఉంటుంది. బండి నంబరుతో ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో చూస్తే ఏ కంపెనీ ఇన్సూరెన్సో, ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. చాలామంది ఓనర్లకు ఈ సంగతి తెలియక డ్రైవరుతో పోట్లాడుతుంటారు, తెలిసినవాళ్లు ప్రీమియం పెరుగుతుందేమోనని దాస్తారు. పరిహారం నెల రోజుల్లో చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకపోతే 50 శాతం వరకు జరిమానా పడుతుంది. ఇందులో వడ్డీని ఇన్సూరెన్సు కంపెనీ భరించినా, జరిమానాను ఓనరే కట్టుకోవాలని 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. మీరు మర్యాదగా మాట్లాడే ఆఖరి ప్రయత్నం చేస్తే, ఈ ఒక్క విషయం ఆయన చెవిన వేయండి. ఆలస్యం చేసే ప్రతి నెల ఆయనకే భారమని తెలిస్తే మాట మారవచ్చు.

మాట మారకపోతే, ప్రమాదం ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందో రాసి, మీవారి సంతకంతో ఓనరుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. ఆ తర్వాత నష్టపరిహార కమిషనరు దగ్గర దరఖాస్తు వేయాలి. చెన్నైలో ఆ అధికారాలు కార్మిక శాఖ అధికారులకు ఉంటాయి. దరఖాస్తులో ఇన్సూరెన్సు కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చడం మరచిపోవద్దు. గడువు ప్రమాదం నాటి నుంచి రెండేళ్లు, అంటే మీకు 2027 ఆగస్టు దాకా సమయం ఉన్నా, సీసీటీవీ దృశ్యాలూ సాక్షుల జ్ఞాపకాలూ అంతకాలం ఆగవు. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చి 1923 చట్టం స్థానాన్ని తీసుకున్నది. మీవారి ప్రమాదం అంతకు ముందే జరిగింది కనుక పాత చట్టం కింద పుట్టిన హక్కు అలాగే ఉంటుంది, ‘ఆ చట్టం ఎత్తేశారు’ అని ఎవరైనా అంటే బెదరవద్దు. ఈ విచారణలో వకీలే ఉండాలన్న నియమం లేదు, రిజిస్టరైన యూనియన్ ప్రతినిధి కూడా మీ తరఫున నిలబడవచ్చు. వకీలు కావాలనుకుంటే 15100కు ఫోను చేసి ఉచిత న్యాయ సహాయం అడగండి. వచ్చిన దానిలో ఇంత శాతం ఇవ్వాలని బేరం పెట్టే మధ్యవర్తులు కార్మిక శాఖ గేటు బయటే కనపడతారు, వాళ్లకు దూరంగా ఉండండి.

మీ తమ్ముడి సంగతి వేరు. పాల వ్యాను ఎత్తు తక్కువ గానీ, రోజుకు ఎనభై సార్లంటే నెలకు రెండు వేల పైచిలుకు సార్లు దిగుతున్నాడన్నమాట. అంతసార్లు చేసే పనిలో శ్రద్ధ అరిగిపోతుంది, ఇంజను ఆపకుండానే, బండి పూర్తిగా నిలవకుండానే కాలు బయట పెట్టే అలవాటు వస్తుంది. అతనికి మూడు సంగతులు చెప్పండి. రెండు చేతుల్లోనూ ట్రేలు పట్టుకుని దిగవద్దు. ముందు తను దిగి, తర్వాత వెనక తలుపు నుంచి ట్రే తీసుకోవాలి. రెండు కాళ్లూ ఒక చేయీ, లేదా రెండు చేతులూ ఒక కాలూ ఎప్పుడూ బండిని అంటిపెట్టుకుని ఉండాలి, మిగిలిన ఒక్కటే కదలాలి. తలుపును ఆసరాగా పట్టుకోకూడదు, అది ఎటు తిరిగితే మనిషి అటు పోతాడు. మన దేశంలో డ్రైవరు తలుపు వాహనాలు పోయే వైపుకే తెరుచుకుంటుంది కనుక, అద్దంలో వెనక ఏమి వస్తున్నదో చూసి, రద్దీ రోడ్డు మీదైతే సీటు మీదుగా జరిగి ఎడమ తలుపు నుంచి దిగడం మంచిది.

తెల్లవారుజామున మూడు గంటలకు పాలు వేసేవాడు హవాయి చెప్పులతో బండి ఎక్కుతాడు, చెన్నైలో అందరూ అంతే. మడమ వెనక పట్టీ ఉండి, అడుగు భాగంలో గాట్లు ఉన్న చెప్పులో బూట్లో కొనిపించండి, పాలు ఒలికి తడిసిన మెట్టు మీద ఆ గాట్లే నిలుపుతాయి. వేలికి ఉంగరం ఉంటే డ్యూటీలో తీసి జేబులో వేసుకోమనండి. ఒకసారి మా యార్డులో ఒక కుర్రవాడు లారీ పైనుంచి దూకినప్పుడు అతని ఉంగరం తలుపు కొక్కేనికి తగులుకుంది. మనిషి కిందికి వచ్చాడు గానీ వేలు రాలేదు. అతని పెళ్లై అప్పటికి ఇరవై రోజులు. మీ తమ్ముడి జీతంలో ఈఎస్‌ఐ కింద 0.75 శాతం కోత పడుతున్నదో లేదో కూడా ఈ నెల జీతం చీటీలో చూడమనండి. పడుతుంటే, డ్యూటీలో దెబ్బ తగిలి పని మానుకున్న రోజులకు జీతంలో 90 శాతం ఈఎస్‌ఐయే ఇస్తుంది, మీవారిలాగా నెలకు 7,500 కోసం రెండేళ్లు తిరగవలసిన పని ఉండదు. పడకపోతే, ఆ సంస్థలో ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టి నాకు మళ్లీ రాయండి.